అబేషేలో మబా మాట్లాడేవాళ్లు ఎవరు?

ఆదివారం

చాద్ రాజధాని ఎన్‌జమేనాలో అబేషే బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది. బయల్దేరుతుంది అంటే అందరూ ఎక్కి, సంచులూ పరుపులూ టాప్ మీద కట్టి, ఎవరి మేకకి ఎంత చార్జీ అనే గొడవ తేలాక అన్నమాట. దూరం 900 కిలోమీటర్లకి అటూ ఇటూ. బొకోరో, మోంగో, ఉమ్ హజర్ మీదుగా తూర్పుకి, సూడాన్ సరిహద్దు వైపు పోవాలి. జనవరి కాబట్టి ఎండ బాధ లేదు, దుమ్ము మాత్రం ఉంది. ఎడారి మీదుగా వచ్చే గాలికి ఆకాశం రోజంతా మజ్జిగ రంగులోనే ఉంది.

మేం చేసేది సోలార్ పంపుల పని. నాతోపాటు మా కర్నూలు అన్న ఉన్నాడు. చాలా ఏళ్లుగా ఆఫ్రికాలో బోర్లు వేయిస్తున్న మనిషి, రాయిని చూసి నీళ్ల సంగతి చెప్పేస్తాడు. అబేషే చుట్టుపక్కల ఊళ్లలో పాత చేతిపంపులు తీసి సోలార్ మోటార్లు దించాలి, అదీ అసలు పని. నా సొంత పని ఇంకోటుంది. రాజధానిలో మేం ఉండే ఇంటి వాచ్‌మన్ రాత్రిపూట ఫోన్లో ఇంటికి మాట్లాడే భాష అరబ్బీ కాదని నాకు ఎప్పట్నుంచో అనుమానం. అడిగితే "బురా మబాంగ్" అన్నాడు. అంటే మబా భాష, తూర్పున వదాయ్ ప్రాంతంలో మబా జనం మాట్లాడేది. అప్పట్నుంచి దాని గురించి దొరికినంత చదివాను. చాద్‌లో నూట ఇరవైకి పైగా భాషలున్నాయి, అధికార భాషలు మాత్రం రెండే, ఫ్రెంచి, అరబ్బీ. మబా మాట్లాడేవాళ్ల లెక్క రెండున్నర, మూడు లక్షల చుట్టూ తిరుగుతుంది. దీనికి అరబ్బీతో చుట్టరికం లేదు. 1963లో గ్రీన్‌బర్గ్ అనే అమెరికా భాషావేత్త ఆఫ్రికా భాషలన్నిటినీ వర్గాలు చేసినప్పుడు దీన్ని నైలో-సహారన్ అనే పెద్ద గుంపులో వేశాడు. ఆ గుంపు నిజంగా ఒకే కుటుంబమా కాదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, అది వేరే సంగతి.

"ఏమబ్బీ, మనం పంపులు పెట్టేదానికి పోతాండామా, భాషలు నేర్చుకునేదానికా?" అన్నాడు అన్న, ఉమ్ హజర్ దగ్గర బస్సు ఆగినప్పుడు.

"రెండూ అన్నా."

"సరే, మోటారు దించేటప్పుడు మాత్రం నా పక్కనుండు."

సోమవారం

అబేషేలో మొదట కంటికి ఆనింది వేపచెట్లు. మన వేపే. మన దేశం నుంచి వలస పాలకుల కాలంలో ఆఫ్రికాకి చేరి ఈ ప్రాంతమంతా పరుచుకుంది, ఇప్పుడు నీడ కావాలంటే దాని కిందే కూర్చోవాలి. వీధుల్లో 'రక్షా'లు తిరుగుతున్నాయి. మన ఆటోలే, పేరు మాత్రం సూడాన్ అరబ్బీలోంచి వచ్చింది. పొద్దున తినడానికి 'కిసార్' దొరికింది. పులిసిన జొన్నపిండిని వేడి పెనం మీద పల్చగా పోసి తీస్తారు. అదేమిటో తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దాంతో ఎండబెట్టి దంచిన బెండకాయ పులుసు. అన్న రెండు తిని మూడోది అడిగాడు.

బజారంతా అరబ్బీ. చాద్ అరబ్బీ అంటే పుస్తకాల అరబ్బీ కాదు, విరిచి మాట్లాడుకునేది, ఎవరైనా ఆరునెలల్లో పట్టేస్తారు. నేను టీ కొట్టు దగ్గర, చెప్పుల కొట్టు దగ్గర, ఫోన్ రీచార్జి కుర్రాడి దగ్గర ఒకటే అడిగాను, ఇక్కడ మబా ఎవరు మాట్లాడతారని. ముగ్గురూ చెయ్యెత్తి ఊరి బయటకి చూపించారు. పల్లెల్లో, కొండల్లో అన్నారు. ఆ చెప్పుల కొట్టాయన తాత, ముత్తాతలు మబాలే, ఆ మాట ఆయనే చెప్పాడు.

మాకు పని దగ్గర దుబాసీగా కుదిరిన కుర్రాడు ఇక్కడి ఆడమ్ బర్కా యూనివర్సిటీలో చదువుతున్నాడు. అతన్ని కూడా ఇదే అడిగితే నవ్వి, నన్ను బెండ ఒరుగులు అమ్మే ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ, చీరలా చుట్టుకునే లఫాయ్ కొంగు తల మీదకి లాక్కుని నాతో అరబ్బీలోనే బేరమాడింది. ధర చెప్పింది, నేను తగ్గించమన్నాను, ఒప్పుకోలేదు. తర్వాత పక్కన కూర్చున్న ఆవిడ వైపు తిరిగి, నా కోసం గిన్నెతో కొలుస్తూ లెక్క పెట్టింది. తేక్, బార్, కుంగల్, అసల్, తోర్. ఐదు దగ్గర ఆగి గిన్నె అంచుని అరచేత్తో ఒక్కసారి చెరిగి, పైన మిగిలినవి తన బుట్టలోకే తోసేసుకుంది. అరబ్బీలో బేరం, మబాలో కొలత. కుర్రాడు నా చెవిలో అన్నాడు, కొలిచేటప్పుడు తప్పు పోకూడదు కదా, అందుకని.

మొదటిరోజే నాకర్థమైంది, ఈ ఊళ్లో మబా గురించి అడిగితే దొరకదు, నోరు మూసుకుని చెవులు తెరుచుకుని కూర్చోవాలి.

మంగళవారం

అబేషేకి తూర్పున ఒక పల్లె. పేరు రాయను. ఊళ్లోవాళ్లకి మేం వస్తామని తెలుసుగానీ వాళ్ల గురించి ఇలా రాసుకుంటానని తెలియదు.

దారంతా గుండ్రటి నల్లరాయి గుట్టలు, మధ్యలో ఇసుక వాగులు. వాగుని ఇక్కడ 'వాదీ' అంటారు, వానాకాలం మూడు నెలలు పారుతుంది, తర్వాత ఇసుక. "మా పత్తికొండ రాయే ఇది. పగులు దొరికితే నీళ్లు, లేకుంటే లేదు" అన్నాడు అన్న జీపు దిగుతూనే. నిజంగానే ఈ ప్రాంతం అంతా గట్టి గ్రానైట్. అబేషే పట్టణానికి నీళ్లు కూడా రాయిలోంచి రావు, బితెయా అనే వాదీ ఇసుక కింద నిలిచే నీళ్లని తోడి పంపిస్తారు, ఎండాకాలం వస్తే అవీ చాలవు.

చేతిపంపు దగ్గర ఆడవాళ్లు, ఆడపిల్లలు, గాడిదలు. మమ్మల్ని చూడగానే పిల్లలు "నసారా! నసారా!" అని అరిచారు. తెల్లవాళ్లని పిలిచే మాట అది, మా అన్న రంగు చూసి కూడా అలాగే పిలిచారంటే ఇక్కడ అది రంగుకి సంబంధించింది కాదు, ప్యాంటూ జీపూ ఉంటే చాలు. పాత పైపులు పైకి లాగేటప్పుడు నేను అన్న పక్కనే ఉన్నాను, మాటిచ్చాను కాబట్టి. ఒక పక్క చెయిన్ పుల్లీ చప్పుడు, ఇంకో పక్క ఆడవాళ్ల మాటలు. అంతా మబానే. ఒక్క అరబ్బీ ముక్క లేదని కాదు, వారాల పేర్లూ దేవుడి మాటలూ చదువు మాటలూ అన్నీ అరబ్బీవే, కానీ వాక్యం మబాది.

ఆ వాక్యం గురించి కొంచెం చెప్పాలి. కుర్రాడు నాకు ఒక్కో వాక్యాన్ని ఫ్రెంచిలోకి మార్చి చెప్తున్నాడు, ప్రతిసారీ చివర్నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తున్నాడు. ఎందుకంటే మబాలో ముందు కర్త, తర్వాత కర్మ, ఆఖర్న క్రియ. ఫ్రెంచిలోకి రావాలంటే తిరగేయాలి. నేను దాన్ని మనసులో తెలుగులోకి వేసుకుంటే తిరగేసే పనే లేదు. 'లో', 'కి', 'నుంచి' లాంటివి కూడా మనలాగే నామవాచకం వెనకే వస్తాయి. దీనికీ మనకీ చుట్టరికం ఉందని ఎవడైనా యూట్యూబ్‌లో వీడియో పెడతాడేమో, నమ్మకండి. క్రియ చివర్న వచ్చే భాషలు ప్రపంచంలో సగం దాకా ఉన్నాయి. తేడాలూ చాలానే ఉన్నాయి. మబాలో స్వరం ఎత్తూ పల్లం అర్థాన్ని మారుస్తాయి, మనకి అది లేదు. బహువచనానికే కాదు, కొన్ని మాటల్లో ఏకవచనానికి కూడా విడిగా ప్రత్యయం తగిలిస్తారు, అంటే అసలు మాట గుంపుని చెప్తే, అందులోంచి ఒకదాన్ని వేరు చేయడానికి తోక పెడతారన్నమాట.

మధ్యాహ్నానికి మోటారు దిగింది. రెండంగుళాల నీళ్లు కూడా రాలేదు, ఒకటిన్నర అనుకోవచ్చు. అన్న మొహం మాడ్చుకున్నాడుగానీ ఊళ్లో ఆడవాళ్లు మాత్రం నోటితో సన్నగా పొడుగ్గా ఈలలాంటి కూత పెట్టారు. పెళ్లిళ్లకి పెట్టే కూతట అది. చేతిపంపు కొట్టే బాధ తప్పింది కదా.

ఊరి పెద్దాయన మాకు కర్కంజి పోశాడు. ఎర్రగా, పుల్లగా, బోలెడు పంచదారతో. ఇది ఎర్రగోంగూర కాయ చుట్టూ ఉండే తొడిమలు ఎండబెట్టి కాచే నీళ్లు. మొక్క ఒకటే, మనం ఆకు తింటాం, వీళ్లు తొడిమ తాగుతారు. అన్నకి ఈ సంగతి చెప్తే గ్లాసు పట్టుకుని కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆకు ఏం చేస్తారో అడుగు" అన్నాడు. కూర వండుతారట. సమస్య తీరింది.

బుధవారం

రాజధాని దాటి తిరగడానికి కాగితం కావాలి, ఉంది. ఆ కాగితం మీద ఇంకో ముద్ర కావాలట. రోజంతా దానికే పోయింది. ఆఫీసులో కూర్చున్నవాళ్లు మాతో ఫ్రెంచి, తమలో తాము అరబ్బీ, టీ తెచ్చిన కుర్రాడితో మబా.

గురువారం

వారా అనే ఊరికి వెళ్లాం. అబేషేకి ఉత్తరంగా యాభై, అరవై కిలోమీటర్లు, దారి మాత్రం సగం ఇసుక సగం రాయి. వదాయ్ సుల్తానుల పాత రాజధాని ఇది. చాద్ ప్రభుత్వం ప్రపంచ వారసత్వ జాబితా కోసం పేరు పంపిందిగానీ ఇక్కడ టికెట్టూ లేదు, గేటూ లేదు, కాపలాకి ఉన్న ఒక ముసలాయన, ఆయన మేకలు.

కాల్చిన ఇటుకతో కట్టిన రాజభవనం గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి, మనిషెత్తుకి చాలా పైన. చుట్టూ గుండ్రంగా ప్రాకారం, పక్కన మసీదు, అవతల గుట్టల మధ్య సమాధులు. ఇటుక పట్టుకుంటే చేతికి ఎర్రపొడి అంటుకుంటుంది. ఇక్కడ కథ 17వ శతాబ్దంలో మొదలవుతుంది. అప్పటిదాకా ఏలుతున్న తుంజుర్ రాజుల్ని అబ్ద్ అల్ కరీం అనే ఆయన కూలదోసి వదాయ్ రాజ్యం పెట్టాడు. ఆయన వంశం తాము అరబ్బులమని చెప్పుకుంది, కానీ రాజ్యం నిలబడింది మబా తెగల బలం మీద. ఎంత బలమంటే సుల్తాన్ కావాలంటే తల్లి ఖచ్చితంగా ఫలానా మబా తెగల్లోని ఆడపిల్లే అయ్యుండాలి. సుల్తాన్‌ని 'కొలాక్' అంటారు. కొత్త కొలాక్ గద్దె ఎక్కగానే తన అన్నదమ్ముల కళ్లు పొడిపించేవాడు, గుడ్డివాడికి రాజయ్యే హక్కు లేదు కాబట్టి. 1873లో ఇక్కడికి వచ్చిన జర్మన్ డాక్టర్ నాఖ్తిగాల్ ఈ సంగతులన్నీ రాశాడు. ఆయన ప్రాణాలతో తిరిగివెళ్లడమే గొప్ప. అంతకుముందు 1856లో వచ్చిన ఫోగెల్ అనే ఇంకో జర్మన్‌ని ఈ వారా ఊళ్లోనే చంపేశారు. ఇంకో చిత్రం, మబా మాటల్ని పోగుచేసి యూరప్‌లో మొదట్లో అచ్చువేసినవాళ్లలో ఒకడైన జర్మన్ యాత్రికుడు హైన్రిష్ బార్త్ అసలు వదాయ్‌లో అడుగే పెట్టలేదు, పొరుగు రాజ్యంలో ఉండగా వదాయ్ నుంచి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి రాసుకున్నాడు. అయినా పని కానిచ్చాడు కదా, నాలాగా ముద్ర కోసం తిరక్కుండా.

ఇంత రాజ్యానికి డబ్బు ఎక్కడిది అంటే ఎడారి దారి. వదాయ్ నుంచి కుఫ్రా మీదుగా లిబియాలో బెంఘాజీకి ఒంటెల బిడారులు పోయేవి. ఏనుగు దంతాలు, నిప్పుకోడి ఈకలు, బానిసలు. ఈ మూడోదాన్ని కాపలా ముసలాయన చెప్పలేదు. కుర్రాడు చెప్పాడు, గొంతు తగ్గించకుండానే. దక్షిణాది పల్లెల మీద పడి జనాన్ని పట్టుకొచ్చి అమ్మిన రాజ్యం ఇది, గోడల అందం చూసి ఆ సంగతి మర్చిపోతే తప్పు.

ఇంత ఊరిని ఎందుకు వదిలేశారు? నీళ్లు. 1850 ప్రాంతంలో మహమ్మద్ షరీఫ్ అనే సుల్తాన్ కాలంలో రాజధాని అబేషేకి మారింది, ఇక్కడి బావులు చాలక అని చెప్తారు. అన్నకి ఈ ముక్క చాలు. భవనం గోడలు వదిలేసి బావుల గోతులు చూసుకుంటూ తిరిగాడు, ఒకదాంట్లోకి రాయి వేసి చెవి పెట్టి విన్నాడు, ఇంకోదాని అంచున కూర్చుని మట్టి నలిపి చూశాడు. చివరికి "ఆ పొద్దు రిగ్గు ఉండింటే రాజధాని ఈడనే ఉండు" అని తేల్చాడు. చరిత్రకారులు ఎవరైనా చదువుతుంటే గమనించగలరు.

శుక్రవారం

సెలవు. మధ్యాహ్నం నమాజుకి ఊరంతా తెల్లబట్టల్లో కదిలింది. సుల్తాన్ ఇప్పటికీ ఉన్నాడు, అబేషేలో కోట కూడా ఉంది, అధికారం పేరుకే.

ఈ ఊరిని ఫ్రెంచివాళ్లు 1909లో పట్టుకున్నారు. సుల్తాన్ దూద్ ముర్రా ఊరొదిలి ఇంకో రెండేళ్లు పోరాడి 1911లో లొంగిపోయాడు. తర్వాతి ఏడాది సుల్తాన్ పదవినే ఎత్తేశారు, 1935లో తిరిగి పెట్టారు. మధ్యలో, 1917 నవంబర్‌లో, కుట్ర చేస్తున్నారన్న అనుమానంతో ఫ్రెంచి కమాండర్ ఊళ్లోని మతపండితుల్ని, పెద్దల్ని కొడవళ్లతో నరికించాడు. ఆ కత్తుల పేరు మీదే దాన్ని ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. మిగిలిన పండితులు సూడాన్‌కీ కైరోకీ పారిపోయారు. ఊళ్లో చదువు కొన్ని దశాబ్దాలు వెనక్కిపోయింది. కుర్రాడు దీన్ని పుస్తకంలో చదవలేదు, వాళ్ల నానమ్మ చెప్పింది. ఏ భాషలో అని అడిగాను. మబాలో.

ఇక్కడ నాకు ఒకటి తట్టింది. మబా రాజభాష అయ్యుండాల్సింది, కానీ మూడొందల ఏళ్ల రాజ్యంలో కూడా కాగితం మీదకి పెద్దగా ఎక్కలేదు. ఉత్తరాలు, ఫర్మానాలు, చదువు అన్నీ అరబ్బీలో. మాట్లాడేది ఒకటి, రాసేది ఒకటి. గోల్కొండలో ఫార్సీ దఫ్తరం నడిచినట్టే, కాకపోతే కుతుబ్‌షాహీలు కొన్ని ఫర్మానాల్ని ఫార్సీతోపాటు తెలుగులో కూడా రాయించారు, మన భాషకి ముందునుంచే కవులూ శాసనాలూ ఉన్నాయి కాబట్టి అది పక్కన కూర్చోగలిగింది. మబాకి ఆ పీట ఎవరూ వేయలేదు. ఫ్రెంచి అధికారి ట్రెంగా 1947లో దీని మీద ఒక పుస్తకం అచ్చువేశాడు, 2009లో డోరిస్ వైస్ అనే ఆవిడ ఫ్రాన్స్‌లో వ్యాకరణం మీద థీసిస్ రాసింది. ఇప్పుడు లాటిన్ అక్షరాలతో రాసే పద్ధతి ఉంది. అబేషే బజార్లో ఒక్క బోర్డు మీద కూడా నాకు అది కనపడలేదు. కుర్రాడు వాట్సాప్‌లో చెల్లెలికి ఎలా రాస్తాడని చూశాను. రాయడు, వాయిస్ మెసేజ్ పెడతాడు. సగం అరబ్బీ సగం మబా.

సాయంత్రం ఒక ఖురాన్ బడి దగ్గర ఆగాం. పిల్లలు చెక్కపలకల మీద మసి సిరాతో రాసి, పొయ్యి మంట వెలుతురులో గట్టిగా వల్లిస్తున్నారు. వల్లించేది అరబ్బీ. ఒకడు తప్పు చదివితే అయ్యవారు తిట్టింది మబాలో. అన్న గట్టిగా నవ్వాడు, ఆ తిట్టు అర్థం ఆయనకి తెలియదు, అయినా తెలిసింది.

శనివారం

ఫర్షానా, అబేషేకి తూర్పున, సరిహద్దు పట్టణం ఆద్రే దారిలో. 2004 నుంచి ఇక్కడ సూడాన్ శరణార్థుల శిబిరం ఉంది. 2023 ఏప్రిల్లో సూడాన్‌లో మళ్లీ యుద్ధం మొదలయ్యాక ఏడు లక్షలకు పైగా జనం చాద్‌లోకి వచ్చారు, వాళ్లలో చాలామంది మసాలిత్‌లు, సరిహద్దుకి అటూ ఇటూ ఉండే తెగ. ఆ జూన్‌లో సూడాన్ వైపున్న జెనీనా పట్టణం నుంచి ఆద్రే దాకా నడిచివస్తూ దారిలోనే చచ్చిపోయినవాళ్లు ఎందరో. మేం వెళ్లింది ఒక పాత పంపు రిపేరుకి. స్టార్టర్ పెట్టె కాలిపోయింది, గంటలో అయిపోయింది.

మసాలిత్ భాష మబాకి చెల్లెలు వరస, రెండిటిదీ ఒకే చిన్న కుటుంబం. అది చదివాను గనక చెవి అటే పెట్టాను. నీళ్ల డబ్బాల లైనులో ఒక పెద్దమనిషి పిల్లలకి వంతులు చెప్తూ వేళ్లు మడుస్తున్నాడు. రెండు దగ్గర 'మ్బరా', ఐదు దగ్గర 'తూర్' అని వినపడింది. మా కుర్రాడు తల తిప్పి చూశాడు. ఇద్దరూ మాట కలిపారు, రెండు నిమిషాలు ఎవరి భాషలో వాళ్లు ప్రయత్నించి, ఆగిపోయి, అరబ్బీలోకి వచ్చేశారు. అంతే మరి. లెక్కలు కలిసినంత మాత్రాన మాట కలవదు. ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ 1920ల్లో గీసుకున్న సరిహద్దు గీతకి అటు దార్ మసాలిత్, అంటే మసాలిత్‌ల గడ్డ, ఇటు వదాయ్. గీతకి అటు మబాలు కూడా ఉన్నారు, మక్కా యాత్ర దారిలో ఆగిపోయి స్థిరపడినవాళ్లు. సూడాన్‌లో వాళ్లని 'బర్గో' అంటారు. యుద్ధం వాళ్లనీ ఇటు తోసింది, చిత్రంగా సొంత భాష ఉన్న చోటికి.

ఆ పెద్దమనిషి జెనీనాలో బడిపంతులట. ఇంకేమీ అడగలేదు, అడగబుద్ధి కాలేదు. చెయ్యి కలిపి వచ్చేశాం.

ఆదివారం

తిరుగు బస్సు. నా సంచిలో రెండు కిలోల కర్కంజి తొడిమలు, అన్న సంచిలో నాలుగు కిలోలు.

బస్టాండులో మా ముందు సీటు మీద గొడవ. ఒకాయన టికెట్టు చూపిస్తాడు, ఇంకొకాయనా అదే నంబరు టికెట్టు చూపిస్తాడు. మొదట మర్యాదగా అరబ్బీ. కండక్టర్‌తో కొంచెం ఫ్రెంచి. ఎవరికీ తేలక గొంతులు లేచాయి, ఉన్నట్టుండి మొదటాయన మబాలోకి దిగాడు, రెండో ఆయన కూడా మబాలోనే అందుకున్నాడు, వెనక సీట్లోంచి ఒక ముసలావిడ అంతకంటే పెద్ద గొంతుతో అదే భాషలో తీర్పు చెప్పడం మొదలుపెట్టింది, ఆవిడకి ఎదురు చెప్తూ డ్రైవరు. చెప్పుల కొట్టాయన ఇక్కడుంటే బాగుండేది, పల్లెల్లోనే మాట్లాడతారన్నాడు కదా.

దింపడానికి వచ్చిన మా కుర్రాడు కిటికీ దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "అరబ్బీలోనే ఉండుంటే తేలిపోయేది. ఇప్పుడు మా భాషలో పడ్డారు. చుట్టరికాలు బయటికొస్తాయి, ఎవరి మేనమామ ఎవరికి ఏం బాకీ ఉన్నాడో అన్నీ వస్తాయి. టీ తాగి రండి, టైముంది" అన్నాడు.

తాగి వచ్చాం, ఇంకో గ్లాసు కూడా తాగాం. బస్సు కదిలేసరికి ఎండ నెత్తి మీదకి వచ్చింది. ఆ సీట్లో చివరికి ఇద్దరూ కాదు, ముసలావిడ కూర్చుంది.